డప్పుకు సెగ చూపిస్తం సరే, కొట్టేటోళ్ల ఒంటిని ఎవరు చూస్తరు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆషాఢం రాంగనే గోల్కొండ కాడ మొదలైన బోనాలు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజ దాకా పోయేసరికి మీ పేపర్లో రోజూ ఒక ఫోటో అన్నా వస్తది. ముందట పోతరాజు, ఎనక బోనం ఎత్తుకున్న ఆడబిడ్డలు, నడుమ డప్పు కొట్టే పిల్లలు గాల్లోకి ఎగిరి ఉంటరు. ఫోటో మస్తుగుంటది, నేను కాదనను. కానీ ఆ ఎగిరిన పిల్లగాడు పొద్దుగాల ఏం తిన్నడు, ఎన్ని గంటల నుంచి కొడుతున్నడు, రేపు పొద్దున ఆ చెయ్యి పైకి లేస్తదా లేదా అన్నది ఎవరూ రాయరు. ఆ ముచ్చట చెప్దామనే ఈ ఉత్తరం. జర పొడుగైతది, ఏమనుకోకండి, జాగ చాలక కోసెయ్యాల్సి వస్తే నీళ్ల గురించి, చెవుల గురించి రాసింది మాత్రం ఉంచండి.

మాది సూర్యాపేట దిక్కు. డప్పు మా ఇంట్ల తాతల నాటి నుంచి ఉన్నదే, ఇప్పుడు నేను పిల్లలకు నేర్పిస్త, ఒక దళం నడిపిస్త, పెండ్లి బరాత్, బోనాలు, వినాయక నిమజ్జనం, దసరా, లీడర్ల ర్యాలీ, ఎవరు పిలిస్తే వాళ్ల కాడికి పోతం. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు బంద్ పెట్టినంక మా అసొంటోళ్లకు ఫోన్లు ఎక్కువైనయి, పని దొరుకుతున్నందుకు సంతోషమే. పని పెరిగింది గానీ ఆ పనికి ఒంటిని తయారు చేసుకునుడు మాత్రం పెరగలే, అదే నా బాధ.

పాత డప్పు సంగతి ఇప్పటి పిల్లలకు తెల్వదు కాబట్టి చెప్తున్న. కర్ర చట్రానికి చింతగింజల జిగురు పెట్టి మేకతోలు అంటించిన డప్పు అది. తోలు కదా, గాలిల జర తేమ ఉన్నా మెత్తబడ్తది, మోత పడిపోతది. ఆషాఢంల, వినాయక చవితప్పుడు వాన తుంపర పడిందంటే ఇగ చెప్పనక్కర లేదు. అప్పుడేం చేసేటోళ్లు, ఊరేగింపు పక్కకు జరిగి ఇంత గడ్డి, ఇన్ని కాగితాలు, కట్టెపుల్లలు వేసి మంట పెట్టి డప్పులన్నీ దాని చుట్టూ నిలబెట్టేటోళ్లు. తోలు బిగుసుకొని మళ్లీ ఠంగుమని మోగేదాకా కొట్టేటోళ్లంతా ఆడనే కూసునేది, నీళ్లు తాగేది, చేతులు దులుపుకునేది, ఒకరి భుజం ఒకరు నొక్కేది. ఊరి పెద్దమనిషి ఎంత తొందర పెట్టినా సరే "డప్పు కాగాలె కదయ్యా" అంటే నోరు మూసుకునేటోడు. ఆ సెగ డప్పు కోసమే అనుకున్నరు అందరూ. కానీ దాని వల్ల మనిషికి కూడా ఊపిరి తీసుకునే టైమ్ దొరికేది, అది ఎవరూ రాయని రూలు.

ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చినయి. బోల్టులు బిగించుకుంటే చాలు, వానల నానినా మోగుతది, మంటతోటి పనే లేదు. నేను కూడా అవే వాడుతున్న, వాటిని తిట్టుడు నా ఉద్దేశం కాదు, తోలు దొరుకుడు కష్టమైంది, ఖర్చు కూడా తక్కువ కాదు. కాకపోతే మంట పోయినప్పుడే మనకు రెస్ట్ కూడా పోయింది, దాన్ని ఎవరూ గమనించలే. ఇప్పుడు బరాత్ మొదలైతే పెండ్లికొడుకు కారు దిగేదాకా రెండు గంటలైనా మూడు గంటలైనా ఆపొద్దంటరు, ఆగినమంటే పైసల్ తీసుకొని కొడ్తలేరని వీడియో తీసి గ్రూపుల పెట్టేటోళ్లు కూడా ఉన్నరు. డప్పు ఆగొద్దనేటోళ్లకు కొట్టేది మనిషని యాదికి ఉండదు. నేను చెప్పేది అసలు ఇదే, పోయిన ఆ బ్రేక్‌ను మనమే మళ్లీ కావాలని తెచ్చుకోవాలె, దళం వాళ్లూ తెచ్చుకోవాలె, పిలిచేటోళ్లూ ఇయ్యాలె.

డప్పు చేతికి తీసుకొని చూస్తే పెద్ద బరువనిపించది. కానీ ఎడమ భుజానికి పట్టీ వేసుకొని, ఎడమ చెయ్యి చట్రం మీద ఆనించి, ఆ చేతి వేళ్లతోనే సన్నటి సిటికెన పుల్ల ఆడిస్తూ, కుడిచేత్తో సిర్ర అనే లావు పుల్లతోటి కొడుతూ, దానికి తోడు అడుగులేస్తూ గంటలకొద్దీ ఉండి చూడండి అప్పుడు తెలుస్తది. ఎడమ మోచెయ్యి ఆ మొత్తం సేపు వంగే ఉంటది, మణికట్టు ఒక్క క్షణం ఊకుండది, మెడ ఒక దిక్కు లాగుతది, నడుము ఇంకో దిక్కు వంగుతది. కాళ్లకు గజ్జెలు, చాలామందికి చెప్పులు ఉండయి, కింద తారురోడ్డు. కూసొని లేసుడు, గిర్రున తిరుగుడు, ఎగురుడు. దరువు మారినప్పుడల్లా అడుగు మారాలె. ఒగ్గు డోలు వాళ్లది ఇంకా కష్టం, అంత పెద్ద డోలు కట్టుకొని ఎగురుతరు, ఒకరి భుజాల మీద ఇంకొకరు ఎక్కి నిలబడి కొడ్తరు, కింద ఉన్నోని మోకాలు జర వణికినా పైనోడు పడ్తడు.

ఇది ఎంత కష్టమో సైన్సు కూడా చెప్పింది. బ్లాండీ అని అమెరికా బ్యాండ్ ఒకటి ఉంది, దాంట్లో డ్రమ్స్ వాయించిన క్లెమ్ బర్క్ అనే ఆయన మీద ఇంగ్లండ్‌లో చిచెస్టర్, గ్లౌస్టర్‌షైర్ యూనివర్సిటీల వాళ్లు ఏండ్ల పాటు పరీక్షలు చేసి 2008లో బయటపెట్టిన్రు. స్టేజీ మీద వాయిస్తున్నప్పుడు ఆయన గుండె నిమిషానికి సగటున 140 నుంచి 150 సార్లు కొట్టుకుందట, ఒక్కోసారి 190 దాకా పోయిందట, పెద్ద ఫుట్‌బాల్ ఆటగాళ్లకు మ్యాచ్‌లో అయ్యేటంత. గంటకు 400 నుంచి 600 కేలరీలు ఖర్చయితయని కూడా చెప్పిన్రు. ఇప్పుడు ఆలోచించండి, ఆయన స్టూలు మీద కూసొని వాయించిండు, మీద లైట్లు, పక్కన నీళ్ల బాటిల్. మా పిల్లలు భుజానికి డప్పు వేసుకొని నడిరోడ్డు మీద ఎగురుకుంట కొడుతున్నరు. వీళ్ల గుండెను ఎవరైనా కొలిచిన్రా?

జపాన్‌లో ఒండెకోజా అని ఒక తైకో డ్రమ్ముల దళం ఉండేది, సాడో అనే దీవిలో అందరూ ఒక్కకాడ ఉండి సాధన చేసేది. వాళ్లు పొద్దున్నే లేచి కిలోమీటర్లకు కిలోమీటర్లు ఉరికేటోళ్లు, డ్రమ్ము తర్వాత, ముందు కాళ్లు, ఊపిరి. 1975లో అమెరికాకు పోయి బోస్టన్ మారథాన్ మొత్తం ఉరికి, ఆ ఉరుకుడు అయిపోంగనే డ్రమ్ములు వాయించిన్రు. వాళ్ల తర్వాత 1981లో అదే దీవిలో మొదలైన కోడో దళం ఇప్పటికీ కొత్తగా వచ్చిన పిల్లలను ముందు ఉరికించి, ఒంటిని గట్టి చేసి ఆ తర్వాతే స్టేజీ ఎక్కిస్తది. మనం మారథాన్లు ఉరకమని నేను అంటలేను. డప్పు కొట్టుడంటే చేతి పని ఒక్కటే కాదు, పూర్తి ఒంటి పని అని వాళ్లు ఒప్పుకున్నరు, మనం ఇంకా ఒప్పుకోలే.

ఎందుకు ఒప్పుకోలే అంటే నాకు తెలిసిన కారణం ఒకటుంది, చెప్పకుంటే ఉత్తరం సగమే అయితది. "వాళ్లకు అలవాటే." ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్న. డప్పు మాదిగోళ్లతోటి ఎట్ల ముడిపడ్డదో, చావుకు, చాటింపుకు వెట్టిగా ఎట్ల కొట్టించుకున్నరో అందరికీ తెలుసు. ఎండల నిలబెట్టినా, తిండి పెట్టకున్నా కొడ్తరు, ఎందుకంటే వాళ్లకు అలవాటే. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం స్టేజీల మీదికి వచ్చి డప్పు తల ఎత్తుకుంది, ఇయ్యాల అన్ని కులాల పిల్లలు నేర్చుకుంటున్నరు, వెట్టి పోయింది. కానీ కొట్టేటోని ఒంటి మీద ఉన్న ఆ చూపు ఇంకా పోలే. క్రికెట్ ఆడే పిల్లగానికి భుజం నొస్తే ఫిజియో ఉరికొస్తడు, డప్పు కొట్టే పిల్లగానికి నొస్తే ఇంత జండూబామ్ రాసుకో అంటరు.

ఇగ తయారీ ముచ్చటకొస్త. సీజన్ మొదలయ్యే నెల ముందు నుంచి మా దళంల పిల్లలను పొద్దున నడిపిస్త, నడక నుంచి మెల్లగ ఉరుకుడుకు తీసుకపోత, గుడి మెట్లు ఎక్కి దిగిపిస్త. తాడాట కూడా మంచిదే, పిక్కలకు బలం వస్తది, ఖర్చు లేదు. ప్రాక్టీస్ అంటే చెట్టు కింద కూసొని కొట్టుడు కాదు, ప్రోగ్రాంల ఎట్ల కొడ్తమో అట్లనే పట్టీ వేసుకొని, గజ్జెలు కట్టుకొని, నిలబడి అడుగేసుకుంట కొట్టాలె, లేకపోతే చేతులు తయారుంటయి నడుము తయారుండదు. మొదటి వారం కొద్దిసేపే, తర్వాత తర్వాత పెంచాలె. ఏడాదంతా డప్పు గోడకు వేలాడదీసి బోనాల రోజు పొద్దున తీసి ఆరు గంటలు కొడ్తమంటే నరాలు ఊకుంటయా?

పట్టు గురించి జర ఎక్కువే చెప్తా, ఎందుకంటే నేను చూసిన చేతినొప్పుల్లో చాలా వరకు ఇక్కడి నుంచే వచ్చినయి. ప్రోగ్రాం ఊపుల పడంగనే పిల్లలు సిర్రను పిడికిట్ల గట్టిగ బిగిస్తరు, మోత పెద్దగ రావాలని. నిజానికి సిర్ర తోలుకు తగిలి దానంతట అదే ఎనక్కి లేస్తది, దాన్ని లేవనియ్యాలె. బిగిస్తే ఆ దెబ్బ తిరిగి మన మణికట్టుకు, ముంజేతికి వస్తది, గంటకు కొన్ని వేల దెబ్బలు కదా, సాయంత్రానికి ముంజెయ్యి రాయి అయితది. మోత బలం నుంచి రాదు, దెబ్బ పడే జాగ నుంచి, విసురు నుంచి వస్తది. అందుకే నేను పిల్లలకు మొదట మెల్లగ కొట్టుడే నేర్పిస్త, బొటనవేలు, చూపుడు వేలు నడుమ సిర్ర ఆడాలె, మిగతా వేళ్లు ఊరికె తోడుండాలె. స్పీడు దానంతట అదే వస్తది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగుంటది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ముందుగాల దెబ్బతినేది ఆ మణికట్టే.

ప్రోగ్రాం రోజు ఆటో దిగంగనే డప్పు భుజానికి వేసుకొని డైరెక్టుగ తీన్మార్ మొదలుపెట్టొద్దు. డప్పుకు సెగ ఎట్లనో ఒంటికి కూడా వేడి కావాలె. పది నిమిషాలు చాలు, జర జోరుగ నడువుడు, భుజాలు గుండ్రంగ తిప్పుడు, మణికట్లు రెండు దిక్కులా తిప్పుడు, పిడికిలి మూసి తెరుసుడు, గుంజీలు తీసుడు, మడిమలు లేపుడు, ఆ తర్వాత నెమ్మది దరువు ఒకటి కొట్టి అప్పుడు స్పీడుకు పోవాలె. చెయ్యి చాపి వేళ్లను ఎనక్కి గుంజి పట్టుకునే స్ట్రెచ్‌లు అయిపోయినంక చేస్తేనే మంచిది, ఒక్కోటి ఇరవై ముప్పై సెకండ్లు. భుజం పట్టీ సన్నటి తాడైతే కోసుకుంటది, దాని కింద ఒక పాత టవల్ మడిచి పెట్టుకోండి. వేళ్లకు బొబ్బలు వచ్చే జాగ ముందే తెలుసు కదా, ఆడ గుడ్డ ప్లాస్టర్ చుట్టుకోవాలె, బొబ్బ లేస్తే గిల్లొద్దు. పెండ్లిళ్ల సన్నాయి పక్కన డోలు వాయించే పెద్దమనుషులను చూడండి, కుడిచేతి వేళ్లకు తొడుగులు వేసుకుంటరు. వాళ్ల పెద్దలు ఎన్నడో ఆలోచించిన్రు, అందులో నామోషీ ఏం లేదు.

చెవులు. ఇది దయచేసి అందరూ చదవాలె. చప్పుడు 85 డెసిబెల్స్ ఉంటే ఎనిమిది గంటలు ఓర్చుకోవచ్చని అమెరికాల పని చేసేటోళ్ల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ లెక్క. అక్కడి నుంచి మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైమ్ సగమైతది, 88 అయితే నాలుగు గంటలు, 94 అయితే గంట, 100 అయితే పదిహేను నిమిషాలే. చేతికందే దూరంల ఉన్న మనిషితోటి మాట్లాడనీకి మీరు అరవాల్సి వస్తుందంటే 85 దాటిందని అర్థం, మరి పది మంది డప్పులు కొట్టే నడుమ ఎంత అరిచినా వినపడదు. డప్పు మన ఛాతి మీదనే, చెవికి జానెడు దూరంలనే మోగుతది. రాత్రి పండుకున్నప్పుడు చెవుల్లో గుయ్యిమంటే అది అలసట అనుకుంటరు, కాదు, చెవి లోపల సన్నటి వెంట్రుకల అసొంటి కణాలు దెబ్బతింటున్నయని గుర్తు, అవి చచ్చిపోతే మళ్లీ మొలవయి. మా పెద్దోళ్లల్ల చాలామందికి యాభై దాటినంక మాట వినపడదు, ముసలితనం అనుకున్నరు అందరూ. మెడికల్ షాపుల ఫోమ్ ఇయర్ ప్లగ్స్ దొరుకుతయి, టీ తాగిన ఖర్చులనే వస్తయి, వేళ్ల మధ్య నలిపి సన్నగ చేసి చెవిల పెట్టి ఉబ్బేదాకా పట్టుకుంటే చాలు. దరువు మంచిగనే వినపడ్తది, అడుగు తప్పదు, మా పిల్లలకు మొదట్ల ఇబ్బంది అనిపించింది, ఇప్పుడు అవి లేకుంటే కొట్టనే కొట్టం అంటరు. దూది పెట్టుకుంటే సరిపోదు, అది చప్పుడును ఆపలేదు.

నీళ్లు. దాహమైనంక తాగుడు కాదు, దాహానికి ముందే తాగాలె. మొదలుపెట్టే ముందు ఒకటి రెండు గ్లాసులు, ఆ తర్వాత ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు, ఒక్కసారే లీటరు గటగట తాగొద్దు. చెమట ఎక్కువ పోతే ఉత్త నీళ్లు చాలవు, ఉప్పేసిన మజ్జిగ, నిమ్మరసం, లేకపోతే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లల్ల కలిపి బాటిల్లల్ల పెట్టుకోండి. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, కొలత తప్పొద్దు. మా దళంల ఆడపిల్లలు ఉన్నరు, వాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగరు, ఎందుకని అడిగితే మొదట్ల చెప్పలే, తర్వాత తెలిసింది, తాగితే పోవడానికి జాగ ఎక్కడుంది అని. ఊరేగింపు దారిల ఆడోళ్లకు టాయిలెట్ చూపియ్యని కమిటీలు ఆడపిల్లల డప్పు దళం కావాలని ముచ్చటపడి పిలుస్తయి. ముందు ఆ ఏర్పాటు చేసి పిలవండి.

తిండి ముచ్చట తొందరగనే చెప్త. రెండు మూడు గంటల ముందు అన్నం పప్పు, జొన్నరొట్టె, ఏదైనా తేలికది తినాలె, నడుమల అరటిపండు, పల్లీపట్టీ. పొద్దున ఏం పెట్టకుండ మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ ప్యాకెట్ ఇచ్చి వెంటనే లేవండి కొట్టండి అంటే ఆ బరువు కడుపుతోటి ఎగిరేదెట్ల.

మందు గురించి రాయాల్నా వద్దా అని ఆలోచించిన, రాస్తున్న. "ఒక క్వార్టర్ పోయిస్తే రాత్రంతా కొడ్తరు" అని పిలిచేటోళ్లే అంటరు, కొంతమంది పైసలకు బదులు అదే ఇస్తమని బేరం పెడ్తరు. ఇది మర్యాద కాదు, ఇది వెట్టి కాలం నాటి అలవాటే, సీసా మారింది అంతే. మందు ఒంట్ల నీళ్లను గుంజేస్తది, నొప్పి తెలియనియ్యదు కాబట్టి నరం లాగినా తెల్వదు, ఎండదెబ్బ తగిలినా తెల్వదు, గజ్జె కాలు మడత పడ్తది. దళం పెద్దలకు చేతులెత్తి అడుగుతున్న, ప్రోగ్రాం అయ్యేదాకా ఎవరినీ ముట్టనియ్యకండి, అది బేరంల భాగం అనే మాటే రానియ్యకండి. దాని లెక్కనే ఇంకొకటి, నొప్పి సూదులు. సీజన్‌ల వరుసగ ప్రోగ్రాంలు ఉంటే ఆర్ఎంపీ కాడికి పోయి సూది వేయించుకొని వచ్చి కొట్టేటోళ్లు ఉన్నరు. నొప్పి అంటే ఆగమని ఒళ్లు చెప్పుడు, దాని నోరు మూయించి ఇంకా కొడితే చిన్నదానికి పెద్దదైతది, పైగా నీళ్లు తక్కువైన ఒంట్లకు ఆ మందులు కిడ్నీల మీద పడ్తయి, కడుపుల పుండ్లు చేస్తయి.

ఎప్పుడు డాక్టర్ కాడికి పోవాలో కూడా తెలిసి ఉండాలె. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుందంటే మణికట్టు కాడ నరం ఒత్తుకుంటుందని అనుమానించాలె, చిటికెన వేలు దిక్కు తిమ్మిరైతే మోచెయ్యి కాడ. బొటనవేలు మొదట్ల, మణికట్టు పక్కన పట్టేసి గ్లాసు కూడా లేపలేకపోతే అది వేరే నొప్పి. ఏదైనా రెండు వారాలు రెస్ట్ ఇచ్చినా తగ్గకపోతే జిల్లా ఆసుపత్రిల ఫిజియోథెరపీ ఉంటది, ఆడికి పోండి, లేట్ చేస్తే చెయ్యి సన్నబడ్తది. ఊరేగింపుల ఎవరికైనా కండ్లు తిరిగి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది ఎండదెబ్బ, నీడకు తీసుకపోయి బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసిరి 108కి ఫోన్ చెయ్యాలె, మాటరాని మనిషి నోట్ల నీళ్లు పోయొద్దు. ఛాతిల పట్టేసినట్టు నొప్పి వస్తే వయసు చూడకండి, డప్పు దించి కూసోబెట్టండి.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు 50 ఏండ్లు దాటితే పెన్షన్ ఇస్తున్నరు, 2024 నుంచి నెలకు 4000 చేసిన్రు, మంచి పని. మిగతా ముసలోళ్ల కన్నా ముందే ఇస్తున్నరంటే ఈ పని ఒంటిని ఎంత తొందరగ అరగదీస్తదో సర్కారుకు కూడా ఎరుకే అన్నట్టు. అరిగిపోయినంక పెన్షన్ ఇచ్చేదానికన్నా ముందు అరగకుండా చూసుడు తక్కువ ఖర్చు. మా తెలంగాణల భాషా సాంస్కృతిక శాఖ ఉంది, సాంస్కృతిక సారథి ఉంది, వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఆషాఢానికి ముందు ప్రతి జిల్లాల ఒక రోజు క్యాంపు పెట్టి ఒక ఫిజియోథెరపిస్టును, ఒక చెవుల డాక్టర్‌ను పిలిపించి దళాలకు చూపిస్తే, చెవి పరీక్ష చేసి ఒక కాగితం రాసిస్తే అదేం పెద్ద బడ్జెట్ కాదు. నిమజ్జనానికి, బోనాలకు కళాకారుల పేర్లు రాసుకునే లిస్టు ఉండనే ఉంటది కదా, ఆ లిస్టుకే ఫోన్ చేస్తే వస్తరు.

పిలిచేటోళ్లకు ఒక మాట. మేము ఈ సీజన్ నుంచి బుకింగ్ అప్పుడే చెప్తున్నం, నలభై నిమిషాలు కొడ్తం, పది నిమిషాలు ఆగుతం, ఆ పది నిమిషాలు కూడా ప్రోగ్రాంల భాగమే. పెద్ద దళమైతే సగం మంది కొడుతుంటే సగం మంది ఆగొచ్చు, చప్పుడు బంద్ కాదు, మీకు కూడా వెలితి ఉండదు. నీళ్ల క్యాన్, నిలబడనీకి ఇంత నీడ, ఆడపిల్లలుంటే టాయిలెట్, అన్నం టైముకు, పైసలు అదే రోజు. అయిపోయినంక మమ్మల్ని అట్లనే ట్రాలీల ఎక్కించి పంపియ్యకుండా ఒక పావుగంట ఉండనియ్యండి, నడిచి, చేతులు చాపుకొని ఒళ్లు చల్లబడ్డంక పోతం. రేటు మాట్లాడేటప్పుడే ఇవన్నీ మేము అడుగుతం, అడిగినప్పుడు పొగరు అనుకోకుండా సరే అనండి.

ఇట్లు,
ఒక డప్పు కళాకారుడు,
సూర్యాపేట జిల్లా